టార్క్ రెంచ్‌ను ‘బిగువు పానా’ అనవచ్చా?

ప్రశ్న:

పనిముట్ల వాడకం గురించిన ఒక చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. టార్క్ రెంచ్ దగ్గర కలం ఆగిపోయింది. భౌతికశాస్త్రం పాఠాల్లో ‘బలభ్రామకం’ అని చదువుకున్నాం గానీ, ‘బలభ్రామక పానా’ అని రాస్తే చదివేవారు అక్కడే పుస్తకం మూసేస్తారు. నట్టు ఎంత బిగించాలో చెప్పే పానా కాబట్టి ‘బిగువు పానా’ అనుకున్నాను. ‘బిగుతు పానా’ మేలంటారా? పెద్దలు చెప్పగలరు.

జవాబు:

‘బిగువు పానా’ వినసొంపుగా ఉంది. అయినా వద్దనే అంటాను, ఎందుకంటే ఆ పానా బిగువును కొలవదు.

బిగువు ఎక్కడ పుడుతుందో చూడండి. నట్టు తిప్పేకొద్దీ బోల్టు కంటికి ఆననంత సాగుతుంది. సాగిన బోల్టు స్ప్రింగులాగా వెనక్కి లాక్కుంటుంది. ఆ లాగుడే రెండు భాగాలనూ కలిపి పట్టి ఉంచుతుంది. అదీ బిగువంటే. పానాకు తెలిసేది వేరు: తిప్పడానికి చెయ్యి ఎంత శ్రమపడుతోందో అంతవరకే దానికి తెలుసు. ఈ రెండింటికీ నడుమ రాపిడి ఉంది. పనివాళ్లు ఉజ్జాయింపుగా చెప్పుకునే లెక్కలో, తిప్పుడులో సగం నట్టు అడుగున రాపిడికే పోతుంది. మరో 40 శాతం మరల మధ్య, అంటే బోల్టు చుట్లు, నట్టు చుట్లు ఒరుసుకునేచోట పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది సుమారు 10 శాతం. అందువల్ల మరలకు నూనె తగిలితే చాలు, పానాలో అదే అంకె ఉన్నా బోల్టు మరింత సాగిపోతుంది. మరలు తుప్పు పట్టి ఉంటే, పెట్టుకున్న అంకె రాగానే పానా టక్కుమంటుంది గానీ లోపల బిగువు ఉండదు.

ఇది నేను చేతులారా నేర్చుకున్న సంగతి. అల్యూమినియం భాగానికి 6 మిల్లీమీటర్ల బోల్టు బిగించాలి. వివరాల కాగితంలో 10 న్యూటన్ మీటర్లని ఉంది. అది పొడి మరలకు చెప్పిన అంకె. నేను మంచిదే కదా అని మరలకు గ్రీజు పూసి, పానాను సరిగ్గా 10 దగ్గర పెట్టాను. బోల్టు గట్టిపడుతూ గట్టిపడుతూ వచ్చి, ఒక్కసారిగా చేతికింద మెత్తబడింది. టక్కు వినపడలేదు. వినపడుతుందనే నమ్మకంతో ఇంకొంచెం తిప్పాను. బోల్టు బయటికి తీస్తే, దాని గాడుల్లో సన్నని వెండి తీగ చుట్టుకుని వచ్చింది. అది తీగ కాదు, రంధ్రంలో ఉండవలసిన మర. ‘తెగేదాకా లాగకూడదు’ అనే మాట అంతకుముందు కొన్ని వందలసార్లు అని ఉంటాను. ఆ మెత్తదనం చేతికి తెలిసిన రోజునే అది నాకు అర్థమైంది.

అందుకే అంటున్నాను: పానా పేరులోనే ‘బిగువు’ పెడితే, అంకె వస్తే బిగువు వచ్చినట్టేనని చదివేవారు నమ్ముతారు.

‘బిగుతు’ అసలు కుదరదు. చొక్కా బిగుతుగా ఉందంటాం, చెప్పులు బిగుతుగా ఉన్నాయంటాం. చోటు చాలకపోవడం బిగుతు. బిగువు లోపలి లాగుడు. బాధను పంటి బిగువున భరిస్తాం, కథలో బిగువు సడలిందంటాం. సాగిన బోల్టులో ఉన్నది సరిగ్గా ఈ బిగువే. ఇంత చక్కటి మాటను పానాకు ఇచ్చేయకండి, బోల్టుకు అట్టే పెట్టండి.

మరొకరు:

అయితే ‘తిప్పుబలం పానా’ అందామా? ఇంగ్లీషువారి ‘టార్క్’కు మూలమైన లాటిన్ మాటకు మెలితిప్పడమనే అర్థం. ‘రెంచ్’ మూలార్థమూ దాదాపు అదే. వాళ్లు ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పుకున్నారు, మనకు ఒకసారి చాలు. మనకు మెలి, పురి, తిప్పు అని మూడు ఉన్నాయి. పురి తాడుకు చెందింది. మెలిపెడితే వస్తువే వంకర పోతుంది. బోల్టుకు అతికేది తిప్పు.

ఇంకొకరు:

పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక అభ్యంతరం. టార్కు బలం కాదు. బలాన్ని దూరంతో హెచ్చవేస్తే వచ్చేది. 40 సెంటీమీటర్ల పిడి చివర 25 కిలోల బరువు వేలాడదీస్తే దాదాపు 98 న్యూటన్ మీటర్లు వస్తుంది. పిడి సగానికి తగ్గితే బరువు రెట్టింపు కావాలి. ‘తిప్పుబలం’ అంటే ఈ దూరం సంగతి మరుగున పడుతుంది. ‘భ్రామకం’ బరువైన మాటే కావచ్చు, అబద్ధం మాత్రం చెప్పదు.

జవాబు:

మాస్టారు చెప్పింది నిజం, ‘తిప్పుబలం’ నేనూ వదిలేస్తాను. పనిచేసేవారి నోట పానా ఎప్పటినుంచో ఉంది, టార్కూ కుదురుకుంది. ‘టార్క్ పానా’ అనేస్తే సరిపోతుంది. మొదటిసారి వచ్చినచోట ‘తిప్పుడును కొలిచే పానా’ అని ఒక వాక్యంలో విప్పి చెప్పండి.

పేరు కన్నా మీకు ఎక్కువ పని రకాల దగ్గర పడుతుంది. సన్నని కడ్డీ, దాని చివర అంకెల పలక ఉన్నదాన్ని ‘ముల్లు పానా’ అనండి. త్రాసుకు ముల్లు ఉన్నట్టే దీనికీ ఉంది. పని లేనప్పుడు ముల్లు సున్నా దగ్గర లేకపోతే, నెమ్మదిగా వంచి సున్నాకు తెచ్చుకోవచ్చు. చెడిపోవడానికి దాంట్లో పెద్దగా ఏమీ లేదు. నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవారికి అదే మంచిది. స్ప్రింగు ఉన్నదాన్ని ‘టక్కు పానా’ అనవచ్చు.

అడిగినవారు:

‘టక్కు’ అంటే మోసమని కూడా అర్థం ఉంది కదండీ, టక్కరి అన్నట్టు. ఫరవాలేదా?

జవాబు:

ఆ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట అడిగారు. పేరుగా వద్దు, ‘స్ప్రింగు పానా’ అనండి. క్రియలో మాత్రం ‘టక్కుమనగానే ఆపండి’ అని రాస్తే ఎవరూ పొరబడరు. టక్కుమన్నాక రూఢి చేసుకుందామని రెండోసారి లాగవద్దనీ రాయండి, అది అదనపు బిగింపే అవుతుంది. పట్టు దగ్గరే పట్టుకుని, కుదుపు లేకుండా లాగాలి. బిగుసుకుపోయిన నట్లు విప్పడానికి ఈ పానా వాడకూడదు. కొనేటప్పుడు, మీకు తరచుగా కావలసిన అంకె పానా కొలిచే పరిధిలో మధ్యన పడేటట్టు చూసుకోమనండి. అట్టడుగు అంకెల దగ్గర దాన్ని నమ్మలేం.

‘క్యాలిబ్రేషన్’కు ‘సరిచూడటం’ చాలు. తయారీదారు ఏమీ చెప్పకపోతే 12 నెలలకు లేదా 5000 సార్లు వాడాక, ఏది ముందైతే అప్పుడు సరిచూడాలన్నది అంతర్జాతీయ ప్రమాణం.

అడిగినవారు:

ఇప్పుడే తిరగరాశాను: “పని ముగిశాక స్ప్రింగు పానాను దాని అతి చిన్న అంకెకు తిప్పి పెట్టెలో ఉంచండి. అంతకన్నా కిందికి తిప్పవద్దు. స్ప్రింగు బిగువు సడలాలి గానీ, పూర్తిగా వదులు కాకూడదు.”

జవాబు:

‘బిగువు’ ఇక్కడ స్ప్రింగుకు వాడారు చూడండి, అది దాని చోటే. అలాగే ఉంచండి.