మాంద్యంలోనూ మెక్‌డొనాల్డ్స్ ఎలా నిలబడింది?

ప్రశ్న:
సెమినార్‌కి మెక్‌డొనాల్డ్స్ తీసుకున్నాను. మాంద్యం నడిచిన 2008లో అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్‌లోని 30 కంపెనీల్లో షేరు ధర పెరిగి ఏడాది ముగించినవి రెండే: వాల్‌మార్ట్, మెక్‌డొనాల్డ్స్. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం ముందు మానేసేది బయటి తిండే కదా, మరి ఇదెలా? "చవక కాబట్టి" అని రాస్తే మా సార్ ఒప్పుకోరు.

జవాబు 1:
సార్ మాట నిజమే గానీ, చవకని పూర్తిగా కొట్టేయకండి. చాలామంది బయట తినడం మానరు, ఒక మెట్టు దిగుతారు. పెద్ద రెస్టారెంట్లకు వెళ్లేవాళ్లు బర్గర్ దగ్గరికొస్తారు. అమెరికాలో అప్పటికే డాలర్ మెనూ, అంటే ఒక్కోటి ఒక డాలరుకే ఇచ్చే ఐటమ్స్ జాబితా, ఉంది. 2008 చివర్లో ఖర్చులు పెరిగాయని అందులోంచి డబుల్ చీజ్‌బర్గర్ తీసేసి, ఒక చీజ్ ముక్క తగ్గించిన మెక్‌డబుల్ పెట్టారు. డాలర్ డాలరుగానే ఉంది. (నన్నడిగితే ఆ ఒక్క ముక్క మీదే సెమినార్ ఇవ్వొచ్చు!)

జవాబు 2:
అసలు కిటుకు బర్గర్‌లో లేదండి, అద్దెలో ఉంది. ఇప్పుడు దాదాపు 95 శాతం స్టోర్లు ఫ్రాంచైజీలవే, అంటే కంపెనీ పేరుతో బయటివాళ్లు నడిపేవే. చాలాచోట్ల స్థలం కంపెనీ సొంతం, లేదా కంపెనీ పేరున దీర్ఘకాల లీజు. 1950ల్లో, మెక్‌డొనాల్డ్స్‌ని పెద్ద కంపెనీగా పెంచిన రే క్రాక్‌కి, ఆయన దగ్గర డబ్బు వ్యవహారాలు చూసిన హ్యారీ సొన్నెబోర్న్ చెప్పిన ఉపాయం ఇది. స్టోరు నడిపేవాళ్లు అద్దె, రాయల్టీ (కంపెనీ పేరు వాడుకున్నందుకు కట్టేది) రెండూ కడతారు, అద్దే ఎక్కువ. ఇవి లాభం మీద కాదు, అమ్మకాల మీద శాతం. పైగా అద్దెకు కనీస మొత్తం ఉంటుంది. మాంసం రేటు, జీతాలు పెరిగితే ముందు చెయ్యి కాలేది వాళ్లకే. అందుకని "కంపెనీ నిలబడింది", "స్టోర్లు నిలబడ్డాయి" అనే రెండు మాటల్ని కలిపేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అంటే కంపెనీకి దెబ్బ తగలనే తగలదా?

జవాబు 2:
ఎందుకు తగలదు? 2008లో ఐస్‌లాండ్ బ్యాంకులు కూలి, అక్కడి కరెన్సీ క్రోనా విలువ పడిపోయింది. అక్కడి స్టోర్లకు సరుకు ఎక్కువగా జర్మనీ నుంచి రావాలి. ఆ ఖర్చు భరించలేక 2009 అక్టోబర్‌లో ఉన్న మూడూ మూసేశారు.

జవాబు 1:
2024ని కూడా చేర్చండి. రెండో త్రైమాసికంలో ప్రపంచవ్యాప్తంగా, కొత్త స్టోర్లను లెక్కలోంచి తీసేస్తే, అమ్మకాలు 1 శాతం తగ్గాయి. జూన్‌లోనే అమెరికాలో 5 డాలర్ల మీల్ తెచ్చారు. మెట్టు దిగేవాళ్లు వస్తారన్నాను కదా, రేట్లు పెరిగితే కింది మెట్టు మీదున్నవాళ్లు అక్కణ్నుంచి కూడా దిగి ఇంట్లో వండుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. అద్దె లెక్క ఎక్కడ దొరుకుతుంది?

జవాబు 2:
కంపెనీ వార్షిక నివేదికలో. ఫ్రాంచైజీ ఆదాయం కింద అద్దెలు, రాయల్టీలు విడివిడిగా ఇస్తారు. 2008ది తీసి దగ్గర పెట్టుకోండి, సార్ అడిగేది అదే.