ఐస్‌లాండ్ దక్షిణ తీరానికి ఒక్క రోజు: వీక్ ఊరి వరకు చాలా, మంచు సరస్సు దాకా వెళ్లాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. అక్టోబరు నెల మధ్యలో మా అమ్మగారితో కలిసి ఐస్‌లాండ్ వెళ్తున్నాను. రేక్యావిక్‌లో మాకు ఖాళీగా దొరికేది ఒక్క రోజే కాబట్టి, ఆ రోజు గైడు వెంట ఉండే బస్సులో దక్షిణ తీరం చూడాలని అనుకుంటున్నాం. ఒక యాత్ర జలపాతాలు, నల్ల ఇసుక తీరం చూపించి వీక్ ఊరి నుంచి వెనక్కి వస్తుంది. మరొకటి ఇంకా ముందుకు సాగి, మంచుగడ్డలు తేలియాడే యోకుల్సార్లోన్ సరస్సు దాకా వెళ్తుంది. హిమానీనదం మీద నడవాలన్నది నాకు చాలా ఏళ్లుగా ఉన్న కోరిక. అమ్మగారికి 64 ఏళ్లు. రోజూ నడుస్తారు గానీ మెట్లు ఎక్కితే మోకాళ్లు నొప్పి పెడతాయి. వెళ్లి వచ్చినవారు ఏది ఎంచుకోమంటారు?

సమాధానం 1

వీక్ వరకే వెళ్లండి. రేక్యావిక్ నుంచి వీక్ సుమారు 185 కిలోమీటర్లు ఉంటే, యోకుల్సార్లోన్ దాదాపు 370 కిలోమీటర్లు ఉంటుంది, అదీ ఒకవైపు ప్రయాణానికే. అక్టోబరు మధ్యలో అక్కడ పగటి వెలుగు సుమారు 10 గంటలే ఉంటుంది. రానూపోనూ రోడ్డు మీదే 9 గంటలకు పైగా గడిచిపోతే, దారిలోని జలపాతాల దగ్గర నిలబడి చూసే తీరిక దొరకదు. ఆ సరస్సు నిజంగా అద్భుతమైనదే. దానిని చూడాలంటే తూర్పు వైపున ఒక రాత్రి బస చేసి చూడాలి.

వీక్ దారిలో మొదట వచ్చేది సెల్యాలాండ్స్‌ఫోస్. (ఐస్‌లాండ్ భాషలో ‘ఫోస్’ అంటే జలపాతం, ‘యోకుల్’ అంటే హిమానీనదం. ఈ రెండు మాటలు తెలిస్తే దారిలోని సగం బోర్డులు అర్థమవుతాయి.) సుమారు 60 మీటర్ల ఎత్తు నుంచి పడే ఆ నీటి తెర వెనుకకు నడిచి వెళ్లవచ్చు, కాని దారిలో తడిసిన రాళ్లు బాగా జారుతాయి. అమ్మగారు ముందు వైపు నుంచి చూసినా తక్కువేమీ కాదు. తరువాత వచ్చే స్కోగాఫోస్ ఎత్తు కూడా అంతే, వెడల్పు మాత్రం 25 మీటర్లు. దాని పక్కన ఉన్న 500కు పైగా మెట్లు ఎక్కనవసరం లేదు. ఆ జలపాతం గొప్పతనం కింద, గులకరాళ్ల మైదానంలో నిలబడినప్పుడే తెలుస్తుంది. ఎండ పడితే దాని ముందు ఇంద్రధనుస్సు కూడా కనిపిస్తుంది.

ఈ రెండు జలపాతాలూ దూకే కొండ అంచు ఒకప్పటి సముద్ర తీరం. మంచుయుగం ముగిసి పైనున్న మంచు భారం తగ్గాక నేల పైకి లేచింది, హిమానీనదాల వరదలు తెచ్చిన మట్టి, ఇసుక మేట వేశాయి, సముద్రం వెనక్కి తగ్గింది. ఇప్పుడు పచ్చిక మైదానంగా కనిపించేదంతా అప్పట్లో అలలు కొట్టుకున్న చోటని తలుచుకుంటూ చూస్తే ఆ దృశ్యమే వేరుగా అనిపిస్తుంది.

సమాధానం 2

పైవారి మాటతో ఏకీభవిస్తున్నాను. నేను ప్రత్యేకంగా చెప్పదలచినది రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం గురించి. లావా చల్లారుతూ కుంచించుకుపోయి పగుళ్లు ఇవ్వడం వల్ల ఏర్పడిన బసాల్ట్ స్తంభాలు అక్కడ గోడ కట్టినట్టు వరుసగా నిలిచి ఉంటాయి. సముద్రంలో కనిపించే రేనిస్‌ద్రాంగర్ శిలలు, తెల్లవారేసరికి వెలుగు తగిలి రాళ్లైపోయిన రాక్షసులని అక్కడివారి కథ.

అంత అందమైన ఆ తీరంలోనే ప్రాణాలు పోయాయి. అలలు కాసేపు చిన్నవిగా వచ్చి, హఠాత్తుగా ఒకటి ముందువాటికన్నా ఎంతో పైకి దూసుకువస్తుంది. వెనక్కి మళ్లేటప్పుడు కాళ్ల కింది గులకరాళ్లను లాగేస్తుంది. నీరు విపరీతమైన చలి, ఒడ్డు దగ్గరే లోతు. మేము వెళ్లిన రోజు మా బృందంలోని ఒకాయన ఫోటో కోసం వీపు సముద్రం వైపు పెట్టి నిలబడ్డారు. మా గైడు కేక వేసి ఆయనను వెనక్కి లాగిన కొద్ది క్షణాలకే ఆయన నిలబడ్డ చోటికి మోకాలి లోతు నీరు వచ్చింది. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ప్రవేశం దగ్గర హెచ్చరిక దీపాలు ఉంటాయి. ఎర్రదీపం వెలిగి ఉంటే ఇసుకలోకి దిగకండి, పైనుంచే చూడండి. ఏ దీపం వెలిగినా సముద్రానికి వీపు చూపించకండి, అమ్మగారి చెయ్యి వదలకండి.

సమాధానం 3

హిమానీనదం విషయం నేను చెబుతాను. ఈ దారిలో నడక సాధారణంగా సోల్‌హేమాయోకుల్ మీద ఉంటుంది. మిర్దాల్స్‌యోకుల్ అనే పెద్ద మంచు కప్పు నుంచి అది నాలుకలా కిందికి జారి వచ్చింది. ఆ మంచు కప్పు కింద కాట్లా అగ్నిపర్వతం ఉంది, అది చివరిసారి పెద్దఎత్తున పేలింది 1918లో. పక్కనే ఉన్న ఎయ్యాఫ్యాత్లయోకుల్ 2010లో పేలినప్పుడు ఆ బూడిద వల్లే ఐరోపా విమానాలు రోజుల తరబడి ఆగిపోయాయి. మంచులో నల్లని చారలు చూసి మురికి అనుకోవద్దు, అవి పాత పేలుళ్ల బూడిద పొరలు.

మంచు మీద నడవడానికి బూట్లకు ఇనుప ముళ్ల క్రాంపాన్లు బిగిస్తారు; చీలమండను గట్టిగా పట్టి ఉంచే బూట్లు తప్పనిసరి. ఎగుడుదిగుడు మంచు మీద దాదాపు గంటన్నర నడవాలి కాబట్టి మోకాలి నొప్పి ఉన్నవారికి నేను సిఫారసు చేయను. మీరు ఒక్కరే నడవదలిస్తే, ఆ సమయంలో అమ్మగారు ఎక్కడ కూర్చుంటారో డబ్బు కట్టకముందే నిర్వాహకులను అడగండి. చిన్న బృందాల యాత్రల్లో బస్సు నడిపేవారే మంచు మీదికి గైడుగా వస్తే, బస్సుకు తాళం వేసేస్తారు.

మంచు మీద నడవకపోయినా, వాహనాలు ఆపే చోటు నుంచి పావుగంట నడిస్తే దాని ముందున్న సరస్సు వస్తుంది. హిమానీనదం వెనక్కి తగ్గడం వల్లే ఆ సరస్సు ఏర్పడింది. అది ఎంత తగ్గుతోందో అక్కడి పాఠశాల పిల్లలు 2010 నుంచి ఏటా కొలుస్తున్నారు. ఆ విషయం తెలిశాక ఆ సరస్సు ఒడ్డున నేను ఎంతోసేపు కదలలేకపోయాను.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. అమ్మగారికి ఇవన్నీ చదివి వినిపించాను. వీక్ వరకు వెళ్లే యాత్రలో, సోల్‌హేమాయోకుల్ సరస్సు ఒడ్డున కూడా ఆపే దానిని ఎంచుకున్నాం. మంచు మీద నడక ఈసారికి మానేస్తున్నాను. ఆ ఒడ్డున ఇద్దరం కలిసి నిలబడాలని ఉంది. చివరిగా ఒక్క సందేహం: గొడుగులు పనికొస్తాయా?

సమాధానం 1

పనికిరావు, అక్కడి గాలికి నిలవవు. పైనా కిందా నీరు దిగని కోటు, ప్యాంటు ఇద్దరికీ తీసుకెళ్లండి. సెల్యాలాండ్స్‌ఫోస్ తుంపరలు చాలా దూరం వస్తాయి కాబట్టి బస్సు దిగకముందే వాటిని వేసుకోండి.