టమాటా వేశాక కూడా అది అజికానేనా?

రోటిపచ్చడి:
జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదివే మా అన్నయ్య కూతురు సెలవులకొస్తూ రెండు సీసాలు తెచ్చింది. రెండిటిమీదా అజికా అనే ఉంది, అంటే అక్కడి మిరప పచ్చడి. ఒకటి ఎర్రటి ముద్ద, చెంచా గుచ్చితే నిలబడింది. ఇంకోటి జారుగా, టమాటా వాసనతో ఉంది. రెండోదాన్ని అజికా అనడం నా లెక్కలో మోసమే. మీరేమంటారు?

గొడ్డుకారం:
మోసం దేనికండీ? రష్యాలో చాలా ఇళ్లలో పెట్టుకునేది అదే. టమాటా, క్యాప్సికం, క్యారెట్, కొందరైతే ఆపిల్ కూడా వేసి ఉడికిస్తారు. టమాటా పరాయిదంటే మరి మిరపకాయో? జార్జియా ఉన్న కాకసస్ ప్రాంతానికైనా గుంటూరుకైనా అది అమెరికా నుంచి వచ్చిందేగా, 1492 తర్వాత.

ఉప్పురాయి:
నల్లసముద్రం ఒడ్డునున్న అబ్ఖాజియా వాళ్ల అబ్ఖాజ్ భాషలో అజికా అంటే ఉప్పు. ఎండుమిరప, వెల్లుల్లి, ధనియాలు, ఉప్పు వేసి రాతిమీద నూరతారు. మన పండుమిరప తొక్కులా చింతపండు ఉండదు. మంద కోసమిచ్చిన ఉప్పు కాపరులు వాడేసుకోకుండా యజమానులు అందులో కారం కలిపారని, వాళ్లు ఆ కారాన్నే ఇష్టపడ్డారని ఒక కథ. కథ సంగతెలా ఉన్నా, మూలం ఉప్పు.

రోటిపచ్చడి:
ముద్దలో మెంతివాసన కూడా తగిలింది.

ఉప్పురాయి:
నీలి మెంతి. మన మెంతికి చుట్టమే, చేదు తక్కువ. జార్జియన్లు ఉత్స్ఖో సునేలి అంటారు, అంటే పరదేశి సుగంధం.

గొడ్డుకారం:
చూశారా! పరాయిదని పేరు పెట్టి మరీ వేసుకుంటున్నారు. టమాటా ఒక్కటే పాపం చేసిందా?

ఉప్పురాయి:
పుట్టుక గొడవ వదిలేశా, మీరే గెలిచారు. వాళ్ల మొక్కజొన్న సంకటి ఉంది చూడండి, పశ్చిమ జార్జియాలోని మెగ్రేలియాలో ఘోమి, అబ్ఖాజియాలో అబిస్తా. దాన్ని ఉప్పు వేయకుండా వండుతారు. అంచుకు పెట్టుకున్న అజికాతోనే దానికి ఉప్పందాలి. టమాటా సాస్‌తో ఆ పని అవుతుందా?

టిబిలిసి సీనియర్:
మధ్యలో ఒక మాట. అజికా అబ్ఖాజులదా మెగ్రేలియన్లదా అని మాత్రం అక్కడ ఎవర్నీ అడక్కండి. జార్జియన్లకీ అబ్ఖాజులకీ జరిగిన 1992-93 యుద్ధం తర్వాత అది వంటింటి తగువు కాదు.

రోటిపచ్చడి:
ఇవాళ ఉప్పు వేయకుండా రాగిసంకటి చేసి చూశా. ముద్ద అజికా శనగగింజంత చాలింది, కళ్లల్లో నీళ్లొచ్చాయి. టమాటాది నాలుగు చెంచాలు వేసినా చప్పగానే ఉంది. ఆ సీసా కాస్తా పిల్లలు దోసెల్లోకి ఖాళీ చేసేశారు.

గొడ్డుకారం:
ముందు అయిపోయింది ఏ సీసా అన్నారూ?