షార్ప్ నైన్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న, హనుమకొండ నుంచి:
అందరికీ నమస్కారం. చర్చిలో కీబోర్డు వాయిస్తాను. క్వయర్ పిల్లలకు కార్డ్స్ (chords, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు) గురించి తెలుగులో నోట్స్ రాసిస్తున్నాను. సెవెన్త్ దాకా బాగానే నడిచింది. ఎక్స్‌టెండెడ్ (సెవెన్త్ మీద ఇంకా స్వరాలు చేర్చిన కార్డ్), ఆల్టర్డ్ (అలా చేర్చిన స్వరాన్ని అర మెట్టు పెంచి షార్ప్ గానో, తగ్గించి ఫ్లాట్ గానో చేసిన కార్డ్) అనే మాటల దగ్గర ఆగిపోయాను. ‘విస్తృత’, ‘వికృత’ అని రాయొచ్చా? ఇంకోటి, సి సెవెన్ షార్ప్ నైన్‌లో డి షార్ప్ అంటే, ‘అది E ఫ్లాట్ కట్టే (కీబోర్డు మీద కీ) కదా అన్నా’ అని పిల్లలు అడుగుతున్నారు.

జవాబు, కరీంనగర్ నుంచి:
తమ్ముడూ, ‘విస్తృత’ రాసుకో, ఇబ్బంది లేదు. ‘వికృత’ మాత్రం వద్దు. వినడానికి బాగుండదని కాదు. మన కర్ణాటక సంగీత శాస్త్రంలో స, ప ప్రకృతి స్వరాలు, మిగిలిన ఐదూ వికృతి స్వరాలే. మామూలు నైన్త్‌లో వచ్చే చతుశ్రుతి రిషభం (సి ని ‘స’ అనుకుంటే డి) కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఇక ఆల్టర్డ్‌కి తేడా ఎక్కడ మిగిలింది?

నన్నడిగితే కార్డ్‌ని కార్డ్ అనే ఉంచి, లోపలి స్వరాలకు మన పేర్లు పెట్టు. సి ని షడ్జమం అనుకో. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటూ పో: స, గ, ప, ని. ఇది సెవెన్త్. ఆగకుండా పై స్థాయిలోకి వెళ్తే రి, మ, ద. పై స్థాయి కాబట్టి రెండోది తొమ్మిది, నాలుగోది పదకొండు, ఆరోది పదమూడు. పదిహేనోది మళ్లీ స, అందుకే పదమూడుతో సరి. సి థర్టీన్త్ పూర్తిగా పేరిస్తే హరికాంభోజి రాగం ఏడు స్వరాలూ వస్తాయి.

కానీ అన్నీ వాయించరు. ఎడమ చేత్తో అంతర గాంధారం (E), కుడి చేత్తో పై శుద్ధ మధ్యమం (F) కలిపి నొక్కి చూడు, ఎంత గట్టిగా కొట్టుకుంటాయో! అందుకే ఆ మ వదిలేస్తారు, లేదా అర మెట్టు పెంచి ప్రతి మధ్యమం చేస్తారు. అదే షార్ప్ లెవెన్, అప్పుడు స్వరాలు వాచస్పతి రాగానివి. ప తీసేసినా నష్టం లేదు. గ, ని పోతే మాత్రం కార్డ్ రంగే మారిపోతుంది.

ఫ్లాట్ నైన్ శుద్ధ రిషభం, ఫ్లాట్ థర్టీన్ శుద్ధ ధైవతం. ఇక పిల్లల ప్రశ్న చాలా మంచిది. షార్ప్ నైన్ షట్శ్రుతి రిషభం. సాధారణ గాంధారం కట్టే అది, నిజమే. కానీ కార్డ్‌లో అంతర గాంధారం ముందే ఉంది, గ స్థానం నిండిపోయింది. అందుకని అదే కట్టను రి అంటాం. మేళకర్తల్లో (ఏడు స్వరాల మూల రాగాల్లో) కూడా షట్శ్రుతి రిషభం అంతర గాంధారంతోనే వస్తుంది. 34వ మేళం వాగధీశ్వరి ఆరోహణ పాడించు, వాళ్లకే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. మరి యాడ్ నైన్?

కరీంనగర్ నుంచి:
అందులో ని ఉండదు. స, గ, ప, పైన రి, అంతే. గిటార్ వాయించేవాళ్లకు ఇంగ్లిష్ గుర్తులే అలవాటు కాబట్టి వాటిని అలాగే ఉంచి, కింద స్వరాలు రాసివ్వు.