అక్క ముఖంలోని అలసట ఫోటోలో రావాలంటే ఎలా?

మాది హనుమకొండ. కాన్పుకు వచ్చిన అక్కను ఇంట్లోనే ఫోటోలు తీస్తున్నా. కెమెరా ఎత్తగానే నవ్వేస్తుంది. పాపను ఒళ్లో ఊపుతూ, అన్నం కలుపుతూ గోడవైపు చూస్తుందే, నాకు కావాల్సింది ఆ చూపు. 19వ శతాబ్దంలో ఎక్స్‌పోజర్‌కు, అంటే ఒక్క ఫోటో పడటానికి, చాలాసేపు పట్టేది కాబట్టి, పిల్లలు కదలకుండా పట్టుకోవడానికి కొందరు తల్లులు నిండా గుడ్డ కప్పుకుని వెనక కూర్చునేవారు. అక్క నవ్వు కూడా అలాంటి గుడ్డే అనిపిస్తుంది.

గూన పెంకుల ఇల్లు, వెలుతురు తక్కువ. ఫ్లాష్ వేస్తే పాప ఉలిక్కిపడుతుంది. షట్టర్ వేగం 1/30 సెకనుకి తగ్గిస్తే అక్క చేతులు మసకబారుతున్నాయి. అలాగే వదిలేయనా, ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులోనూ ఫోటో పడేలా చేసే కెమెరా సెట్టింగ్) పెంచనా?

ఇంకోటి, "బట్టల కుప్ప కనబడితే జనం ఏమంటరు?" అని అమ్మ గొడవ. అక్క మాత్రం నలుగురికీ చూపించుకో అంది. నిద్రలేని మనిషి ఇచ్చిన అనుమతిని నమ్మొచ్చా? ఇంట్లోవాళ్లను తీసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.