మూడు లాంతర్లు పోయాయి. మిగిలినవాటికైనా అధికారిక గుర్తింపు కావాలా, వద్దా?

కోట జంక్షన్:
2020 మేలో మన విజయనగరం మూడు లాంతర్ల స్తంభాన్ని సుందరీకరణ పనుల్లో కూల్చేశారు. ఊరంతా గగ్గోలు పెట్టాం. పొక్లెయిన్ వచ్చి వెళ్లాక గగ్గోలు పెట్టి ఏం లాభం? 1885 నాటి గంటస్తంభం నుంచి పాత వీధుల్లోని మండువా ఇళ్ల వరకు ఒక జాబితా రాసి, ముట్టుకోవాలంటే అనుమతి ఉండాలని ముందే చెప్పాలి. మీరేమంటారు?

పెంకుటిల్లు:
అన్నా, ఆ మండువా ఇళ్లలో ఒకటి మాదే. తాత కట్టించాడు, ఇప్పుడు వాటాదారులం ఏడుగురం. కోతులు పెంకులు పీకేస్తాయి, ఏటా వానలకు ముందు సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు దొరకరు. బోర్డు పెడితే ఫొటోలకు మీరొస్తారు సరే, చెదలు తిన్న దూలం మార్చడానికి ఎవరొస్తారు?

ముఖలింగం కుర్రాడు:
గుర్తింపు అంటే ఏమిటో మమ్మల్ని అడగండి. మా శ్రీముఖలింగం గుళ్లు కేంద్ర పురావస్తు శాఖవి. 2010 చట్ట సవరణ ప్రకారం గుడి హద్దు నుంచి 100 మీటర్లలో కొత్తగా కట్టకూడదు, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. ఊరు పుట్టిందే గుడి చుట్టూ. మధుకేశ్వరుడి మీద మాకు కోపం లేదు, ఆయన మా దేవుడే. కానీ తమ్ముడికి పెళ్లయితే గది వేసుకోవడం ఎలా?

కోట జంక్షన్:
తమ్ముడూ, నీ బాధ నిజమే, కానీ రెండూ ఒకటి కావు. ఆ 100 మీటర్లు 1958 కేంద్ర చట్టం కింద రక్షిత కట్టడాలకు. అక్కడ కూడా పాత ఇంటికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు. నేను అడిగేది ఊరి స్థాయి జాబితా. వీధి వైపు అరుగులు, స్తంభాలు అలాగే ఉంచాలి, లోపల కావలసినట్టు మార్చుకోవచ్చు. పక్కింటివాళ్ల జోలికి పోదు. కోటనే చూడండి, 1713 నాటిది, లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టే జనం తిరుగుతున్నారు. వాడుకుంటేనే కట్టడం నిలుస్తుంది.

మేస్త్రి గారబ్బాయి:
జాబితా కంటే ముందు ఒక మాట. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తున్నారు. లోపలి తడి బయటికి రాలేక గోడ ఉబ్బి పెచ్చులూడుతుంది, అప్పుడు ‘పాతదై పోయింది, కూల్చేద్దాం’ అంటారు. కాపాడాలనుకునేవాళ్లే ఇలా పాడు చేయడం నేను కళ్లారా చూశాను. ముందు సున్నం పని తెలిసినవాళ్లను వెతకండి బాబూ.

కోట జంక్షన్:
ఒప్పుకుంటాను. ఇంటి పన్ను తగ్గించాలి, రోడ్డు విస్తరణలో పోయిన స్థలానికి బదులు టీడీఆర్ బాండ్లు ఇస్తారు కదా, అంటే బిల్డర్లకు అమ్ముకోగల అదనపు నిర్మాణ హక్కు, అలాంటివి ఈ ఇళ్లకూ ఇవ్వాలి.

పెంకుటిల్లు:
బాండ్లా! వైజాగ్‌లో అయితే కొంటారేమో. ఇక్కడ ఎవడికి అమ్మాలన్నా? పన్ను మాట మాత్రం బాగుంది. మా చిన్నాన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వస్తాడు, బిల్డర్‌కు ఇచ్చేయాలని ఆయన పట్టు. అప్పటికి పన్ను తగ్గింపు కాగితం ఏదైనా ఉంటే ఆయన ముందు పెడతాను. బిల్డర్ కాగితం మాత్రం ఇప్పటికే మా బీరువాలో ఉంది, ఐదు సంతకాలు పడిపోయాయి.