మార్పు కోరేవారు ఎదుటివారిని తప్పుపట్టక తప్పదా?

పాతసైకిల్:
వస్తువులు తగ్గించుకొని, ఉన్నవాటినే బాగుచేయించుకొని వాడుకుంటూ ఆరేళ్లుగా గడుపుతున్నాను. దాని గురించి ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వలేదనే నా నమ్మకం. అయితే కిందటి నెల మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు, నేను వంటగది గుమ్మంలో కనబడగానే మరదలు చేతిలోని ప్లాస్టిక్ నీళ్ల సీసాను డబ్బాల వెనక్కి నెట్టి, గ్లాసు అందుకుంది. ఆమె సీసా మానలేదు, నా ఎదుట వాడటం మానింది. నోరు విప్పకుండానే నేను తీర్పరినైపోయానన్నమాట. ఎవరిలోనూ అపరాధభావం కలిగించకుండా మార్పును ప్రోత్సహించడం సాధ్యమేనా, అసలు అలా చేయడం మంచిదేనా అన్నది నా ప్రశ్న.

లెక్కలమాస్టారు:
మీ ఇబ్బంది అర్థమైంది గానీ, మీ ప్రశ్న మొగ్గుతున్న వైపుకు నేను రాలేను. నలుగురిలో పొగతాగడం తగ్గడానికి చట్టాలు ఎంత కారణమో, పక్కవారు ముఖం చిట్లించడం కూడా అంతే కారణమని నా అభిప్రాయం. ఎవరినీ నొప్పించకూడదన్న మర్యాద చాటున అసలు విషయమే చెప్పకుండా దాటవేసేవారిని ఎందరినో చూశాను. ఒక నూలు టీషర్టు తయారీకి, పత్తి సాగుతో కలిపి, సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని అంచనా. అది విని ఎవరైనా నొచ్చుకుంటే ఆ నొప్పి అంకెది, చెప్పినవారిది కాదు.

కుట్టుమిషన్:
మాస్టారు గారూ, అంకె చెప్పడం వేరు, దాన్ని చూపుడువేలుగా మార్చడం వేరు. పైగా ఈ లెక్కలు మనం తీర్పులు చెప్పేంత సూటిగా ఉండవు. డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాతావరణ మార్పు ఒక్కటే చూసుకున్నా, పత్తి సంచి పల్చటి ప్లాస్టిక్ సంచితో సరితూగాలంటే దాన్ని కనీసం 52 సార్లు వాడాలి. మిగతా కొలమానాలన్నీ పరిగణిస్తే ఆ సంఖ్య సుమారు 7,100కు చేరుతుంది. (చెత్తగా నేలలోనూ నీటిలోనూ చేరే ప్లాస్టిక్ చేసే హానిని అందులో లెక్కించలేదు కాబట్టి, ఇది ప్లాస్టిక్‌కు ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు.) మా తలుపు వెనక కొక్కేనికి తొమ్మిది గుడ్డసంచులు వేలాడుతున్నాయి, వాటిలో నాలుగింటి మడత ఇంతవరకు విప్పనేలేదు. ఆ సంచులను చూసి నన్ను మెచ్చుకున్నవారు ఉన్నారు, పాతసైకిల్ గారి మరదలి సీసాను చూసి ఆమెను తప్పుపట్టేవారూ ఉంటారు. ఈ రెండు తీర్పుల్లో దేనికీ పూర్తి ఆధారం లేదు.

మందలించకుండా మాట నెగ్గించుకోవచ్చని చూపిన ప్రయోగం కూడా ఒకటుంది. అమెరికాలోని ఒక హోటల్‌లో తువ్వాళ్లను మళ్లీ వాడి పర్యావరణాన్ని కాపాడమని కోరిన కార్డుకు దాదాపు 35 శాతం మంది స్పందిస్తే, ఇక్కడ దిగినవారిలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారని తెలిపిన కార్డుకు దాదాపు 44 శాతం మంది స్పందించారని 2008లో పరిశోధకులు వెల్లడించారు.

లెక్కలమాస్టారు:
సంచుల లెక్క దగ్గర నేను తగ్గుతున్నాను. తువ్వాళ్ల దగ్గర మాత్రం తగ్గను, ఎందుకంటే అక్కడ వచ్చిన తేడా నూటికి తొమ్మిది మందే. ఐర్లండ్ 2002లో ఒక్కో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల సుంకం విధించగానే వాటి వాడకం సుమారు 90 శాతం పడిపోయింది. సుంకం ఎవరినీ నిందించదు, అది మీ వాదానికే బలమని మీరు అనవచ్చు. కానీ సంచులు పారేయడం తప్పని ముందుగా కొందరు గట్టిగా అనకపోతే, అటువంటి సుంకానికి జనం ఒప్పుకొని ఉండేవారా?

పాతసైకిల్ (పది రోజుల తర్వాత):
మాస్టారు గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వాన్నీ కంపెనీలనూ గట్టిగానే అడగాలి. వంటగదిలో నిలబడ్డ మనిషితో ఆ గొంతు పనికిరాదన్నంతవరకే నాకు స్పష్టత ఉంది. మొన్న మళ్లీ తమ్ముడింటికి వెళ్లాను. చేత్తో రెక్క తిప్పితే గానీ కదలని టేబుల్ ఫ్యాన్ ఒకటి అక్కడ మూలపడి ఉంది. కొత్తది కొనబోతున్నామన్నారు. నేను దాన్ని విప్పి కెపాసిటర్ మారుస్తుంటే మరదలు టార్చి పట్టుకుంది, మరలు ఊడకుండా ఒక మూతలో వేసింది, ఫ్యాన్ తిరిగాక మిక్సీ కూడా ఇలాగే బాగవుతుందా అని అడిగింది. ఈసారి సీసా బల్లమీదే ఉంది, ఎవరూ దాచలేదు. సీసా పోలేదు కదా అని మాస్టారు గారు అంటారు. నిజమే, పోలేదు.